“నాకు పట్టింపు లేదు, కానీ…”: బెజవాడ 1917 నుంచి మన పంజాగుట్ట దాకా

మన హిస్టరీ ఎపిసోడ్లు మామూలుగా ఒక కోట దగ్గరో, ఒక రాజు దగ్గరో మొదలవుతాయి. ఈసారి ఒక టు-లెట్ బోర్డు దగ్గర మొదలుపెడతా.

2018. బీటెక్ అయిపోయింది, చేతిలో ఆఫర్ లెటర్ లేదు. అలాంటివాళ్ళందరూ ఎక్కడ తేలతారో మీకు తెలుసు. అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ ఫ్లెక్సీ మీద ఫ్లెక్సీ, పొద్దున ఏడింటికే డెమో క్లాసు, జిరాక్స్ షాపులో కోర్సు మెటీరియల్, సాయంత్రం బండి దగ్గర మిర్చి బజ్జీ. నేనూ బ్యాగు తగిలించుకుని దిగిపోయా. మొదట్లో హాస్టల్, రూముకి ఆరుగురం. అక్కడ ఒక ఫ్రెండ్ పరిచయమయ్యాడు. పేరు చెప్పను, వాడు వద్దన్నాడు. ఇద్దరం కలిసి ఒక రూమ్ తీసుకుందాం అనుకున్నాం.

మూడు రోజులు తిరిగితే, అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు పోయే దారిలో, లోపలి గల్లీలో, టెర్రస్ మీద ఒక సింగిల్ రూమ్ దొరికింది. ఓనర్ అంకుల్ చాలా మర్యాదగా మాట్లాడారు. కూర్చోమన్నారు, మంచినీళ్ళిచ్చారు. ఏ కోర్సు, ఏ ఊరు అని అడిగి, మెల్లగా “ఇంటిపేర్లేంటి బాబూ?” అన్నారు. చెప్పాం. “అంటే మీరు…” అని ఆగారు. ఆ ఆగడంలో ఉన్న ప్రశ్న ఏంటో తెలుగువాడికి ఎవరూ నేర్పక్కర్లేదు కదా. నేను చెప్పా. వాడూ దాచలేదు. వాడు దళితుడు.

మర్నాడు ఫోన్ నాకొక్కడికే వచ్చింది. “ఆ అబ్బాయి మంచివాడే బాబూ. నాకు పట్టింపు లేదు, కానీ ఇంట్లో పెద్దావిడ ఉన్నారు. నువ్వొక్కడివే వచ్చేట్టయితే అద్దె ఐదొందలు తగ్గిస్తా.”

నేనేం చేశానో చెప్తా. ఫ్రెండ్ దగ్గరికెళ్ళి “వదిలేయ్‌రా, ఇప్పుడు గొడవెందుకు? ముందు కోర్సు అవ్వనీ, జాబ్ వచ్చాక ఇవన్నీ చూద్దాం” అన్నా. అని, నేను ఆ రూమ్‌లో చేరా. పద్నాలుగు నెలలు ఉన్నా. ఆ ఐదొందల తగ్గింపు కూడా తీసుకున్నా.

వాడు అరవలేదు. “అంకుల్ సంగతి ఇంటిపేరు అడిగినప్పుడే తెలిసిపోయిందిరా. నీ సంగతే ఇప్పుడు తెలిసింది” అన్నాడు. అనేసి ఎస్సార్ నగర్‌లో ఇంకో హాస్టల్‌కి వెళ్ళిపోయాడు.

ఆ మాట అప్పుడు నాకు పెద్దగా ఎక్కలేదు. అంకుల్ తప్పు చేశాడు, నేను మంచివాణ్ణి అనే లెక్కలోనే ఉన్నా. తర్వాత హిస్టరీ చదవడం మొదలుపెట్టాక, ఇదే మాట ఇంకొకాయన 1963లో, ఒక జైలు గదిలో కూర్చుని రాశాడని తెలిసింది.

బర్మింగ్‌హామ్: “ఇది టైమ్ కాదు”

అమెరికా దక్షిణాదిలో అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్ నగరం. అక్కడ నల్లజాతి వాళ్ళకి మంచినీళ్ళ కుళాయి వేరు, బాత్రూమ్ వేరు. షాపులో డబ్బులిచ్చి చొక్కా కొనుక్కోవచ్చు, అదే షాపులో టిఫిన్ కౌంటర్ దగ్గర కూర్చుని తినకూడదు. దీనికి వ్యతిరేకంగా 1963 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్, అక్కడి స్థానిక నాయకులు కలిసి ఉద్యమం మొదలుపెట్టారు. ఊరేగింపులు చేయొద్దని కోర్టు ఆర్డర్ ఇచ్చింది. ఆర్డర్‌ని కాదని నడిచారు. ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే రోజు కింగ్‌ని అరెస్ట్ చేశారు.

అదే రోజు ఎనిమిది మంది తెల్లజాతి మతపెద్దలు ఒక బహిరంగ ప్రకటన ఇచ్చారు. వాళ్ళు ఎవరనేది ముఖ్యం. ముసుగులేసుకుని ఇళ్ళు తగలబెట్టే క్లాన్ మనుషులు కాదు. బిషప్పులు, ఒక యూదు రబ్బీ. అదే ఏడాది జనవరిలో, జాతి విభజన ఎప్పటికీ ఉంటుందని గవర్నర్ వాలెస్ ప్రకటిస్తే, కోర్టు తీర్పుల్ని గౌరవించాలని చెప్పినవాళ్ళలో వీళ్ళున్నారు. అంటే కాగితం మీద మనవైపు మనుషులే. ఏప్రిల్‌లో వాళ్ళు చెప్పింది ఏంటంటే: మీ బాధ అర్థమైంది, కానీ ఈ ఊరేగింపులు తెలివైన పని కాదు, ఇది టైమ్ కాదు, బయటివాళ్ళు వచ్చి నడిపిస్తున్నారు, కోర్టుల్లో, చర్చల్లో తేల్చుకోండి.

కింగ్ జైల్లో పేపర్ మార్జిన్ల మీద, దొరికిన ముక్కల మీద జవాబు రాయడం మొదలుపెట్టారు. ఏప్రిల్ 16 తేదీ వేసిన ఆ ఉత్తరం ఇవాళ ప్రపంచమంతా చదువుతోంది. అందులో ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది బహిరంగంగా ద్వేషించేవాడు కాదు. నీ లక్ష్యం సరే, నీ పద్ధతే నచ్చలేదు అంటూ, అవతలివాడి స్వేచ్ఛకి తను టైమ్‌టేబుల్ వేసే మంచి మనిషి. ద్వేషించేవాడు ఎదురుగా కనపడతాడు. ఈయన పక్కన కూర్చుని చెయ్యి పట్టి ఆపుతాడు.

తర్వాత ఏమైంది? ఉద్యమం ఆగలేదు. మే నెలలో బర్మింగ్‌హామ్ వ్యాపారులు ఒప్పందానికి వచ్చారు. మరుసటి ఏడాది, 1964 జూలై 2న పౌరహక్కుల చట్టం వచ్చింది. టైమ్ దానంతటది రాలేదు, రప్పించారు.

ఇంకో విషయం. కింగ్ 1959లో ఇండియా వచ్చారు. కేరళలో దళిత పిల్లల స్కూల్‌కి వెళ్తే, అక్కడి ప్రిన్సిపాల్ ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడు అని పిల్లలకి పరిచయం చేశారట. మొదట మనసుకి గుచ్చుకుందని, తర్వాత ఆలోచిస్తే నిజమే అనిపించిందని 1965లో తన చర్చిలో కింగే చెప్పారు. అంతకుముందే, 1946లో, అంబేద్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బి. డుబాయిస్‌కి ఉత్తరం రాశారు. రెండు పోరాటాలూ ఒకదాన్నొకటి చూసుకుంటూనే ఉన్నాయి.

మరి మన దగ్గర ఈ “మంచి మనిషి” చరిత్ర ఎలా ఉంది? వందేళ్ళు వెనక్కి వెళ్దాం. ట్రైన్‌లో అయితే హైదరాబాద్ నుంచి బెజవాడ.

బెజవాడ: “పేరు మేం పెడతాం”

1917 నవంబర్. బెజవాడలో ఒక మహాసభ. అప్పట్లో అంటరానివాళ్ళని కాస్త మర్యాదగా పిలవడానికి “పంచములు” అనేవారు. అంటే నాలుగు వర్ణాల తర్వాత ఐదోవాళ్ళని. గూడూరి రామచంద్రరావు అనే బ్రాహ్మణ సంస్కర్త, ఇంకొందరు పూనుకుని ఈ పంచమ మహాసభ ఏర్పాటు చేశారు. ఆ రోజుల్లో అలాంటి సభ పెట్టడం మామూలు ధైర్యం కాదు, ఆ క్రెడిట్ వాళ్ళకి ఇవ్వాలి. ఈ సభకి వచ్చినవాళ్ళు ఎక్కడ గుళ్ళోకి వస్తారో అన్న భయంతో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. ఊరి పరిస్థితి అది.

అధ్యక్షత వహించడానికి హైదరాబాద్ నుంచి ఒకాయన్ని పిలిచారు. భాగ్యరెడ్డి వర్మ. 1888లో హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో పుట్టారు. అసలు పేరు మాదరి భాగయ్య. పద్దెనిమిదేళ్ళ వయసులో, 1906లో, జగన్మిత్ర మండలి పెట్టారు. హరికథలతో బస్తీల్లో చైతన్యం తెచ్చారు. నిజాం రాజ్యంలో ఉర్దూ నడుస్తున్న కాలంలో దళిత పిల్లల కోసం తెలుగు బడులు నడిపారు. జోగిని ఆచారం మీద పోరాడారు. మన సిటీ మనిషి. మనలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? నాకైతే పాతికేళ్ళొచ్చేదాకా తెలీదు.

ఆయన అధ్యక్ష స్థానంలో నిలబడి మొట్టమొదట ప్రశ్నించింది సభ పేరునే. మమ్మల్ని పంచములు అని ఎవరు పెట్టారు? శాస్త్రాల్లో ఐదో వర్ణమే లేదు కదా? మేం ఈ నేలకి మొదటి మనుషులం, ఇక్కడి ఆదివాసులం అన్నారు. అక్కడే ఆ సభ పేరు మారింది. ఆది ఆంధ్ర మహాసభ అయ్యింది. ఐదేళ్ళు తిరక్కుండానే, 1922లో, మద్రాసు ప్రభుత్వం కూడా పాత పేర్లు తీసేసి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అని రాయడానికి ఒప్పుకుంది.

ఇందులో నాకు నచ్చింది ఏంటంటే, పిలిచినవాళ్ళు ఆ మార్పుని అడ్డుకోలేదు. పందిరి వేశాం కాబట్టి పేరూ మాదే అనలేదు. మిత్రుడు అంటే మొదటి పరీక్ష ఇక్కడే. నువ్వు పెట్టిన పేరుని అవతలివాళ్ళు నీ ముందే కొట్టేస్తే, నీకు కోపం వస్తుందా రాదా?

అందరూ ఈ పరీక్ష పాస్ కాలేదు. 1932లో పూనా ఒప్పందం తర్వాత గాంధీజీ ప్రోత్సాహంతో అంటరానితనం నిర్మూలనకి ఒక సంస్థ వచ్చింది. అదే తర్వాత హరిజన సేవక్ సంఘ్ అయ్యింది. అధ్యక్షుడు పారిశ్రామికవేత్త జి.డి. బిర్లా. ఆ నవంబర్‌లో అంబేద్కర్ లండన్‌కి వెళ్తూ, ఓడలో కూర్చుని, ఆ సంస్థ కార్యదర్శి ఠక్కర్‌కి పెద్ద ఉత్తరం రాశారు. ఒక్కొక్క మనిషికి మంచి అలవాట్లు నేర్పడం మీద కాదు, ఊరి బావి, బడి, బండి దగ్గర హక్కుల కోసం కొట్లాడండి, గొడవలైనా సరే అన్నది దాని సారాంశం. ఉత్తరం అందిందని కూడా తనకి జవాబు రాలేదని అంబేద్కర్ తర్వాత రాసుకున్నారు. “హరిజన్” అనే పేరు మాత్రం దేశమంతా అతికించేశారు. ఆ పేరు కావాలా అని ఎవరినీ అడగలేదు.

లాహోర్: “ఆ నాలుగు మాటలు తీసేయండి”

ఇప్పుడు 1936. లాహోర్‌లో జాత్-పాత్ తోడక్ మండల్ అని ఒక సంఘం. పేరులోనే ఉంది, కులాన్ని విరగ్గొట్టే సంఘం. కులాంతర వివాహాలు చేయించేవాళ్ళు. ఆ రోజుల్లో ఇంతకంటే ప్రగతిశీలమైన హిందూ సంస్కర్తల్ని వెతకడం కష్టం. వాళ్ళు తమ వార్షిక సభకి అధ్యక్షుడిగా అంబేద్కర్‌ని పిలిచారు.

ఆయన ఉపన్యాసం రాసి, ప్రింట్‌కిచ్చారు. చదివిన మండల్ వాళ్ళకి గొంతులో వెలక్కాయ పడింది. కులం ఒక్కటే పోదు, దానికి పునాది అయిన శాస్త్రాల పవిత్రతనే ప్రశ్నించాలని ఆయన రాశారు. తను హిందువుగా ఇచ్చే చివరి ఉపన్యాసం ఇదే కావచ్చనీ రాశారు. ఆ భాగాలు తీసేయండి, మిగతాదంతా బ్రహ్మాండంగా ఉంది అని అడిగారు. ఆయన కుదరదన్నారు. సభ రద్దయింది.

అంబేద్కర్ తన సొంత డబ్బుతో 1500 కాపీలు వేశారు. రెండు నెలల్లో అయిపోయాయి. అదే “కుల నిర్మూలన”. ఇవాళ మీ ఫోన్‌లో ఫ్రీగా దొరుకుతుంది, చదవండి. ఆ సభ జరిగి ఉంటే ఒక హాల్లో ఉన్నవాళ్ళు విని ఉండేవాళ్ళు.

ఆ మండల్ వాళ్ళు చెడ్డవాళ్ళు అనడం సులభం. నేను వాళ్ళ కుర్చీలో కూర్చుని ఆలోచించా. హాల్ బుక్ చేశారు, ఊళ్ళో పెద్దమనుషుల్ని పిలిచారు, రేపు తమ కులపోళ్ళ మధ్యే బతకాలి. వాళ్ళ భయం నిజమే. కానీ ఆ భయం ఖర్చు ఎవరి మీద వేశారు? తమ మీద కాదు. మాట్లాడాల్సినవాడి నోటి మీద.

పంజాగుట్ట: “పర్మిషన్ లేదు కదా”

ఇప్పుడు మన చౌరస్తాకి వచ్చేద్దాం. 2019 ఏప్రిల్. నేను ఆ టెర్రస్ రూమ్‌లోనే ఉంటున్నా, అప్పటికి జాబ్ వచ్చింది. పంజాగుట్ట చౌరస్తాలో కొందరు దళిత కార్యకర్తలు అంబేద్కర్ విగ్రహం పెట్టారు. ఏప్రిల్ 14 జయంతి. సరిగ్గా ముందు రోజు, జీహెచ్ఎంసీ సిబ్బంది దాన్ని తీసేశారు. అనుమతి లేదు అన్నారు, అది నిజం. తీసిన విగ్రహాన్ని చెత్త తరలించే బండి ఎక్కించారు. అది జవహర్‌నగర్ డంప్ యార్డ్‌ దాకా వెళ్ళింది. విరిగిపోయింది. సిటీలో పెద్ద ఆందోళన అయ్యింది.

ఆఫీసులో లంచ్ టైమ్‌లో ఈ టాపిక్ వచ్చింది. నేను ఏమన్నానో నాకు బాగా గుర్తుంది. “చెత్తబండి ఎక్కించడం తప్పే, కానీ వీళ్ళు కూడా పర్మిషన్ తీసుకుని పెట్టాల్సింది కదా.” బ్యాలెన్స్‌డ్‌గా మాట్లాడానని ఫీలయ్యా. టేబుల్ మీద అందరూ తలూపారు. ఒక్కరు మాత్రం టిఫిన్ బాక్స్ మూసేసి లేచి వెళ్ళారు. ఎందుకు లేచారో అడగాలని కూడా నాకు తట్టలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే, నా వాక్యంలో రెండు సగాలూ నిజమే. కానీ రెంటినీ ఒకే తక్కెడలో పెట్టా. పర్మిషన్ లేని విగ్రహాన్ని తీయాలంటే తాడు, లారీ, గోనెసంచి, ఒక గోడౌన్ చాలు. చెత్తబండిని ఒకరు ఎంచుకున్నారు. ఆ మనిషి జయంతికి ఒక రోజు ముందు ఎంచుకున్నారు. నేను ఆ ఎంపిక గురించి అర నిమిషం మాట్లాడి, మిగతా పది నిమిషాలు రూల్స్ గురించి మాట్లాడా. బర్మింగ్‌హామ్ మతపెద్దలు కూడా చట్టం గురించి, కోర్టుల గురించే కదా మాట్లాడింది?

నాలుగేళ్ళ తర్వాత, 2023 ఏప్రిల్ 14న, సెక్రటేరియట్ పక్కన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది. అదే రోజు పంజాగుట్టలో కూడా ఒక విగ్రహం ఆవిష్కరించారు. ఇప్పుడు అందరం దాని ముందు సెల్ఫీ దిగుతాం. పర్మిషన్ ఉన్నప్పుడు గౌరవించడం మాకు బాగా వచ్చు.

ఇదే లైన్‌లో ఇంకోటి. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు నేను బీటెక్ రెండో ఏడాది. మా క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో ఒకమ్మాయి ఒక పోస్ట్ పెట్టింది. నిమిషంలో “ప్లీజ్, గ్రూప్‌లో పాలిటిక్స్ వద్దు” అని మెసేజ్ వచ్చింది. దాని కింద ముప్పై థంబ్స్-అప్ మెసేజ్‌లు. ఒకటి నాది. మర్నాడు అదే గ్రూప్‌లో ఎవరో హీరో ఫ్యాన్స్ గొడవ రాత్రంతా నడిచింది. దానికి ఎవరూ వద్దనలేదు.

అమెరికా వెళ్ళినా

మీలో చాలామంది అమీర్‌పేటలో చదివేది యూఎస్ వెళ్ళాలనే. కాబట్టి ఈ ముక్క మీకోసం.

1923లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకి ఒక కేసు వచ్చింది. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ సిక్కు, అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం అడిగాడు. అప్పట్లో పౌరసత్వం తెల్లవాళ్ళకి, నల్లజాతి వాళ్ళకి మాత్రమే. ఆయన వాదన ఏంటో తెలుసా? నేను అగ్రకుల ఆర్యుణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణే అని. ఆ రూలే తప్పు అనలేదు, రూల్ లోపల నాకో సీటివ్వండి అన్నాడు. కోర్టు కుదరదంది. భారతీయులు పౌరసత్వానికి పనికిరారని తేల్చేసింది.

మరి మనవాళ్ళకి తలుపు ఎప్పుడు బార్లా తెరుచుకుంది? దేశాల వారీగా, అంటే దాదాపు జాతి వారీగా ఉన్న కోటాల్ని తీసేసిన 1965 వలస చట్టంతో. ఆ చట్టం ఏ గాలిలో వచ్చింది? పౌరహక్కుల ఉద్యమం గాలిలో. బర్మింగ్‌హామ్‌లో కుక్కలు కరిచింది, నీళ్ళ పైపులతో కొట్టింది నల్లజాతి పిల్లల్ని. ఆ దారిలో తర్వాత ఫ్లైట్ దిగింది మన మామయ్యలు, బాబాయిలు.

దిగాక మనం ఏం చేశాం? కులాన్ని కూడా లగేజీలో తీసుకెళ్ళాం. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఎస్‌బీ 403 అనే బిల్లు పాస్ చేసింది. దాన్ని వద్దన్నవాళ్ళలో మన భారతీయ సంఘాలే ముందున్నాయి. అక్టోబర్ 7న గవర్నర్ గావిన్ న్యూసమ్ వీటో చేశారు. ఆయన రిపబ్లికన్ కాదు, ఉదారవాది అని పేరున్న డెమొక్రాట్. కులం మంచిదని ఆయన అనలేదు. ఉన్న చట్టాల్లోనే ఇది కవర్ అవుతుంది, కొత్తది అక్కర్లేదు అన్నారు. విన్నట్టు ఉందా? లక్ష్యం సరే, మీ పద్ధతే అక్కర్లేదు.

అక్కడ ఇంకో రకం మనిషి కూడా ఉన్నాడు. 2017 ఫిబ్రవరి 22, కన్సాస్‌లో ఓలేత్ అనే ఊరు. మన హైదరాబాద్ జేఎన్‌టీయూలో చదివిన ఇంజనీర్ శ్రీనివాస్ కూచిభొట్ల, స్నేహితుడితో కలిసి ఒక బార్‌లో కూర్చున్నారు. నా దేశం నుంచి పొండి అంటూ ఒకడు కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయారు. అదే బార్‌లో ఇయాన్ గ్రిల్లట్ అనే తెల్లజాతి యువకుడు ఉన్నాడు. టేబుల్ కింద దాక్కున్నాడు, తుపాకీలో గుళ్ళు అయిపోయాయనుకుని కాల్చినవాడి వెంట పడ్డాడు. ఇంకో గుండు మిగిలి ఉంది. అది గ్రిల్లట్ చేతిలోంచి, ఛాతీలోంచి పోయింది. అదృష్టం, బతికాడు.

మనందరం గుండుకి అడ్డంపడాలని నేననను. నాకంత లేదు. కానీ ఆ వార్త చదివి గ్రిల్లట్‌కి దండం పెట్టిన చేత్తోనే, ఏడాది తర్వాత ఐదొందల తగ్గింపు తీసుకున్నా. అది నాకు గుర్తుండాలి.

మరి మిత్రుడు ఎలా ఉంటాడు?

కామెంట్స్‌లో ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. “అన్నా, ప్రాక్టికల్‌గా ఉండాలి కదా, ప్రతిదానికీ కొట్లాడితే బతికేదెలా?” కరెక్టే. ఏ గొడవ ఇప్పుడు పెట్టుకోవాలి, ఏది తర్వాత అని లెక్కేసుకోవాల్సిందే. భాగ్యరెడ్డి వర్మ లెక్కేశారు, అంబేద్కర్ లెక్కేశారు, కింగ్ బర్మింగ్‌హామ్‌కి వెళ్ళే తేదీని కూడా లెక్కేసి మార్చారు. నేను చెప్పేది ఒక్కటే. ఆ లెక్క దెబ్బ తినేవాడిది. ఎప్పుడు అడగాలి, ఏ పేరుతో అడగాలి, ఏ మాటల్లో అడగాలి అనేది వాడు చెప్పాలి. నేను నా ఫ్రెండ్‌ని “ఏం చేద్దాంరా?” అని అడగలేదు. “వదిలేయ్” అని నిర్ణయం చెప్పా. ఆ నిర్ణయంలో నాకు రూమ్ దొరికింది.

మన రాష్ట్రంలోనే పనిచేసిన ఒకాయన ఉన్నారు. ఎస్.ఆర్. శంకరన్. తమిళ బ్రాహ్మణ కుటుంబం, ఐఏఎస్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమం చూశారు. వెట్టిచాకిరీ విముక్తి కోసం ఊళ్ళు తిరిగారు, దళిత, గిరిజన పిల్లల హాస్టళ్ళు పెంచారు. పెళ్ళి చేసుకోలేదు. సంపాదనలో పెద్ద భాగం దళిత విద్యార్థుల చదువులకి ఇచ్చేవారు. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010లో చనిపోయినప్పుడు వచ్చిన జనంలో ఆయన హాస్టళ్ళలో చదివి పైకొచ్చినవాళ్ళు ఉన్నారు. ఆయన తన వాటా తగ్గించుకున్నారు. నాకు పట్టింపు లేదు అనడానికి ఖర్చేం లేదు. తన వాటా తగ్గించుకోవడానికి ఉంటుంది.

ఇక చివరి విషయం. ఈ ఎపిసోడ్ రికార్డ్ చేసే ముందు నా ఫ్రెండ్‌కి ఫోన్ చేశా. ఆరేళ్ళు దాటింది మాట్లాడి. పంజాగుట్టలో ఒక ఇరానీ కేఫ్‌లో కలిశాం. వాడిప్పుడు టెస్టింగ్ లీడ్. స్క్రిప్ట్ వాడి చేతికిచ్చి, ఓకే అంటేనే చేస్తా అన్నా. చాయ్ చల్లారేదాకా చదివాడు. మూడు మార్పులు చెప్పాడు.

ఒకటి, నేను వాణ్ణి చాలా గొప్పవాడిగా, ఓర్పు ఉన్నవాడిగా రాశా. కొట్టేయమన్నాడు. “ఓర్పు కాదురా, నాకు అప్పుడు అరిచే ఓపిక లేదు. వారం నుంచి రూమ్ లేదు, అంతే.” రెండు, మొదటి డ్రాఫ్ట్‌లో నేను ఆ ఐదొందల సంగతి రాయలేదు. పద్నాలుగు నెలల్ని “కొన్నాళ్ళు” అని రాశా. అవి పెట్టమన్నాడు. మూడు, చివర్లో నేను వాడికి సారీ చెప్పడం, వాడు నన్ను హత్తుకోవడం అని రాసుకున్నా. అది తీసేయమన్నాడు. “సారీ చెప్పావు, విన్నా. దాంతో అయిపోయిందని నేను అనలేదు. నీ వీడియోకి ముగింపు కోసం నేను అనను.”

లాహోర్ వాళ్ళు గుర్తొచ్చారు. మూడు మార్పులూ చేశా.

లేచేటప్పుడు వాడు ఒక్కటి అడిగాడు. “ఆ గల్లీలో ఇప్పటికీ టు-లెట్ బోర్డు ఉందా?” ఉంది, ఆదివారం చూశా. బోర్డు కొత్తది, ఫోన్ నంబర్ అదే. “మరి నీ జూనియర్లు ఎవరైనా రూమ్ కోసం అడిగితే ఏం చెప్తావ్?” అన్నాడు. ఏం చెప్పాలో నువ్వే చెప్పు అన్నా. కాసేపు ఆలోచించి, “ఇద్దరు వెళ్తే ఇద్దరూ కలిసే దిగమను, లేకపోతే ఇద్దరూ కలిసే బయటికి రమ్మను. అంతే, ఉపన్యాసాలు అక్కర్లేదు” అన్నాడు.

అదే చెప్తున్నా. అమీర్‌పేటలో ఈ నెల బ్యాచ్‌లో చేరుతున్నవాళ్ళు వింటుంటే, రూమ్ వెతకడానికి వెళ్ళేటప్పుడు గుర్తుపెట్టుకోండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. ఉంటా.